కాలికి బూటా, బూటుకి కాలా?

2024 డిసెంబరులో షికాగోలోని మా చెల్లెలింటికి వెళ్లి రెండు నెలలున్నాను. అది చూడు, ఇది చూడు అని ఇక్కడ అందరూ పెద్ద జాబితా ఇచ్చి పంపారు. తీరా వెళ్లాక నేను ఎక్కువగా చూసినవి బూట్ల షాపులు. నవ్వకండి. మా చెల్లెలికి మోకాలి దాకా వచ్చే తోలు బూట్లు కావాలట. మంచులో నడవడానికి వేసుకునే మొద్దు బూట్లు కావు, అవి దానికి రెండు జతలున్నాయి. ఇవి ఆఫీసుకీ, నలుగురిలోకీ వెళ్లేటప్పుడు గౌను కిందో, బిగుతు ప్యాంటు మీదో వేసుకునే సోకు బూట్లు.

"ఏడేళ్లుగా వెతుకుతున్నానక్కా. ఒక్క జత కూడా నాకు సరిపోలేదు" అంది.

పాదం సరిపోకపోవడం కాదు. పాదం శుభ్రంగా పడుతుంది. జిప్పు సర్రున పైకొస్తుంది. తీరా చూస్తే బూటు గొట్టానికీ పిక్కకీ మధ్య నా చెయ్యి దూరేంత ఖాళీ. రోట్లో రోకలి నిలబెట్టినట్టు! నడిస్తే టపటపా కొట్టుకోవడం, ఆ సందులోంచి చలిగాలి పాదం దాకా దిగడం, కాసేపటికి గొట్టం కుంగిపోయి చీలమండ దగ్గర ముడతలు పడి కూర్చోవడం. నాలుగు షాపుల్లో కలిపి పదిహేను జతలు తొడిగి చూసింది. ప్రతిచోటా అక్కడి అమ్మాయిలు ఎంతో మర్యాదగా ఒకటే మాట. "మీ కాళ్లు మరీ సన్నం కదా, మందపాటి సాక్సులు వేసుకోండి." ఒకచోట సాక్సుల మీద సాక్సులు వేసి కూడా చూశాం. పిక్క నిండలేదు గానీ పాదం ఇరుక్కుపోయింది.

"మీ కాళ్లు మరీ సన్నం" అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. మీ బూట్లు మరీ వెడల్పు అని ఎందుకనరు? కాలు తప్పు, బూటు ఒప్పు అని ఎవరు తీర్మానించారు? పాపం ఆ అమ్మాయిల తప్పేం లేదు, వాళ్లకిచ్చిన సరుకు అది. కానీ మా చెల్లెలు ఆ మాట విన్నప్పుడల్లా "సారీ" అంటుంటే మాత్రం చూడలేకపోయాను. డబ్బిచ్చి కొనుక్కోవడానికి వచ్చిన మనిషి సారీ చెప్పడమేమిటి?

దానికిది కొత్త కాదు. చిన్నప్పుడు స్కూల్లో పరుగు పందెం పెడితే ఎప్పుడూ ఇదే ఫస్టు. పిక్కబలం అంటే అలా ఉండాలి అనేవారు మా డ్రిల్లు మాస్టారు. ఎనిమిదో క్లాసులో ఎవరో "కొంగకాళ్లు" అని పేరు పెట్టారు. అంతే, ఆ ఏడాదితో పరుగు మానేసింది. మోకాళ్ల కింద కనిపించే బట్ట వేసుకోమంటే ససేమిరా అనేది. లంగాలు, తర్వాత చుడీదార్లు, తర్వాత జీన్సు. అలా ముప్ఫై నాలుగేళ్లు వచ్చాయి. ఇన్నేళ్లకి కాళ్లమీద కోరి ఏదన్నా వేసుకుందామనుకుంది. ఆ కోరికకి దొరికిన జవాబు మళ్లీ అదే. తెనాలి నుంచి మా అమ్మ ఫోనులో, "ముద్ద సరిగా తింటేగా పిక్కలొచ్చేది!" అని మరో చెయ్యి వేసింది.

ఇక్కడ నాకు మన గాజుల మల్లారం గుర్తొచ్చింది. లాడ్ బజారుకి వెళ్లండి, సంత రోజున ఏ చిన్న ఊరికైనా వెళ్లండి. గాజులమ్మేవాళ్లు ముందు మన చెయ్యి పట్టుకుంటారు. బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు ఒత్తి చూసి, "రెండూ ఆరమ్మా" అనేస్తారు. రెండూ నాలుగు, రెండూ ఆరు, రెండూ ఎనిమిది. ఈ లెక్కేమిటో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. రెండంగుళాల మీద అంగుళంలో పదహారు వంతులకి నాలుగు, ఆరు, ఎనిమిది అన్నమాట. గాజు లోపలి అడ్డుకొలత అది. అంటే ఒక సైజుకీ మరో సైజుకీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు! డజను గాజులు ఎంతకొస్తాయో మీకు తెలుసు. అంత చవక సరుకుకి ఎనిమిదో వంతు తేడాతో సైజులున్నాయి. మా చెల్లెలి చేతిలో ఉన్న బూట్ల ఖరీదు రెండొందల డాలర్లు. వాటికి పిక్క సైజు ఒక్కటే.

ఎందుకిలా అని కూర్చుని ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. బూటు సైజంటే పాదం సైజే. ఆ షాపుల్లో లోహంతో చేసిన కొలతపళ్లెం ఒకటుంటుంది. 1920ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో చార్లెస్ బ్రాన్నాక్ అనే ఆయన తయారుచేసింది. మడమ నుంచి వేళ్ల దాకా పొడుగు, పాదం వెడల్పు, పాదం వంపు మూడూ చెబుతుంది. చీలమండ దాటి పైకి రాదు. గొట్టం చుట్టుకొలతని పాదం సైజుతోపాటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు కంపెనీలవాళ్లు. మామూలు సైజులో అది 14, 15 అంగుళాల దగ్గర ఉంటుంది. మా చెల్లెలి పిక్క 12. పాదం పొడుగ్గా, పిక్క సన్నగా ఉన్న మనిషి పని మరీ అన్యాయం. పాదం కోసం సైజు పెంచితే పిక్క దగ్గర ఇంకా వదులు.

ఒకప్పుడు ఇంత చిక్కు లేదు. తాళ్లు కట్టుకునే బూటుకి ఏ కాలైనా ఒకటే, లాగి కట్టుకుంటే సరి. జిప్పుకి అలాంటి సర్దుబాటు లేదు. అన్నట్టు, ఇంగ్లీషులో జిప్పర్ అన్న మాట ప్రచారంలోకి వచ్చిందే బూట్లతో. 1923లో అమెరికాలో గుడ్రిచ్ అనే రబ్బరు కంపెనీ తన బూట్లకి ఆ పేరు పెట్టింది. తొడగడం సుఖమైంది, నిజమే. చుట్టుకొలత మాత్రం కంపెనీవాళ్ల చేతిలోకి పోయింది.

పోనీ చెయ్యడం కుదరదా అంటే, ఎందుకు కుదరదు! గుర్రపు స్వారీ బూట్లు చూడండి. పాదం సైజు వేరు, ఎత్తు వేరు, పిక్క వెడల్పు వేరు. సన్నం, మధ్యరకం, వెడల్పు అని మూడు రకాలూ అమ్ముతారు. గుర్రమెక్కితే దొరికే కొలత ఆఫీసుకి నడిచి వెళ్లే ఆడదానికి ఎందుకు దొరకదు? లావు పిక్కల వాళ్లకి ఈమధ్య కొన్ని కంపెనీలు వేరే వరస తెచ్చాయి. సంతోషం, వాళ్లూ ఎన్నాళ్లో జిప్పు పట్టక ఏడ్చినవాళ్లే. వాళ్లతో మనకి పేచీ లేదు. సన్నపిక్కల వరస మాత్రం వెతికి వెతికి పట్టుకోవాల్సి వస్తోంది.

గుంటూరు ఎండల్లో హవాయి చెప్పులకే కాళ్లు కాలుతుంటే మధ్యలో ఈ బూట్ల గోల మనకెందుకు అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మనకీ ఉంది ఆ గోల. మనం కొనే చెప్పుల మీద ఉన్న నంబర్లు తెల్లవాళ్ల పాదాల లెక్కలో వచ్చినవే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచింది. మన పాదాలు వాళ్లకన్నా వెడల్పని తేలింది. వెడల్పు చాలక, పొడుగెక్కువ ఉన్న చెప్పు కొని ఈడ్చుకుంటూ తిరుగుతున్నామన్నమాట. మడమ వెనక రెండు వేళ్ల చెప్పు మిగిలిపోయే ఆడవాళ్లు మీ వీధిలో ఎంతమందో లెక్కపెట్టండి. మన పాదానికి చెప్పు ఇరుకు, మా చెల్లెలి పిక్కకి బూటు వదులు. రోగం ఒకటే. రవికె కుట్టించుకోవడానికి వెళితే టైలరు ఎనిమిది చోట్ల టేపు పెడతాడు. కాలి దగ్గరికి వచ్చేసరికి "ఏ నంబరమ్మా?" అంతే.

సరే, మా బూట్ల సంగతి. మీ పిల్లలో, మరదళ్లో చలిదేశాల్లో ఉంటారు కాబట్టి, మేం చచ్చీ చెడీ నేర్చుకున్నది చెబుతాను. కుర్చీలో కూర్చుని పాదం నేలకి ఆనించి, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టాలి. సాయంత్రం కొలవడం మేలు, పొద్దుటికన్నా కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు కాళ్లూ కొలవాలి. ప్యాంటు మీద వేసుకునేదైతే ప్యాంటు మీదనే కొలవాలి. బూట్ల వివరాల్లో గొట్టం చుట్టుకొలత రాసి ఉంటే చూసుకోవాలి, మన కొలతకన్నా అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువుంటే చాలు. పక్కన ఎలాస్టిక్ పట్టీ ఉందని మోసపోకండి, మేం మోసపోయాం. అది సాగడానికి పెట్టింది, వెడల్పు గొట్టాన్ని కుదించదు. మేజోడులాగా మొత్తం సాగే గుడ్డతో చేసిన బూట్లు, వెనక తాళ్లున్న బూట్లు సన్నకాళ్లని బాగానే పట్టుకుంటాయి. కావాలనే ముడతలు పడేలా చేసే రకం ఒకటుంది గానీ, అది దానికి నచ్చలేదు. "ముడతలు చూసే కదక్కా ఇన్నాళ్లూ ఏడ్చింది" అంది.

దానికి కావలసింది నున్నటి గోధుమరంగు తోలు బూట్లే. చివరికి 14 అంగుళాల జతే కొని, బూట్లు బాగుచేసే ఓ ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, బూటు తొడిగించి, టేపు తీసి పిక్క కొలిచాడు. కాగితం మీద రాసుకున్నాడు. చీలమండ దగ్గర కొలిచాడు, మళ్లీ రాసుకున్నాడు. అచ్చం గాజులమ్మే మనిషిలాగే ముఖం చూడకుండా కాలొక్కటే చూశాడు. అంగుళంన్నర తియ్యగలను, అంతకుమించితే బూటు ఆకారం చెడుతుంది అన్నాడు. జిప్పు లేని వైపు కుట్టు విప్పి, తోలూ లోపలి లైనింగూ రెండూ తగ్గించి మళ్లీ కుట్టడానికి పది రోజులు, డెబ్బై డాలర్లు. మా మరిది డబ్బు సంగతి విని "సన్నకాళ్ల పన్ను" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పన్నంటే పన్నే మరి. ఆ కంపెనీ చెయ్యాల్సిన పనికి ఇది ఎందుకు కట్టాలి?

బయటికొచ్చి కారెక్కాక మా చెల్లెలు చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నా కాలు కొలిచినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరక్కా" అంది తర్వాత.

పదకొండో రోజు బూట్లు తెచ్చుకుంది. మోకాలి దాకా ఉన్న గౌనేసుకుని, అవి తొడుక్కుని, హాల్లో అటూ ఇటూ నడిచింది. చప్పుడు లేదు. తెనాలికి వీడియో కాల్ చేసి అమ్మకి చూపించింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "బాగానే ఉన్నాయి గానీ, ఇంట్లో తిరుగుతున్నావేమిటే వాటితో? దేవుడి గది వైపు మాత్రం వెళ్లకు" అంది.

మా చెల్లెలు ఫోను ఇంకాస్త కిందికి దించి, "రెండోది కూడా చూడమ్మా" అని కాలు ముందుకు చాపింది.