ఒక్క కంప్యూటర్... ఇద్దరి అవసరం

డోన్ జంక్షన్ ఒక్కటే. కర్నూలు బండైనా, గుత్తి బండైనా, నంద్యాల బండైనా అక్కడికే వస్తుంది. ఒక లైనులో మరమ్మతు జరుగుతుంటే బండిని పక్క లైను మీదికి మళ్లిస్తారు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌తోనూ ఇలాగే పని చేయించుకోవచ్చు.

ఆ ఊళ్లోనే ఓ ఇల్లు అనుకుందాం. నాన్న కొట్టు లెక్కలు, అక్క పెళ్లి ఫొటోలు అన్నీ ఆ కంప్యూటర్లోనే. ఇంజినీరింగ్ చదివే కొడుకేమో లినక్స్ నేర్చుకోవాలంటాడు, తను రాసిన ప్రోగ్రామ్‌ను అందులో పరీక్షించాలంటాడు. 'రేయ్, దాంట్లో ఏమీ కెలకొద్దు' అంటాడు నాన్న. ఆయన భయమూ నిజమే. లినక్స్ వేసేటప్పుడు పొరపాటున డిస్కు చెరిగిపోతే లెక్కలూ ఫొటోలూ గల్లంతే.

ఇద్దరికీ నచ్చే దారి వర్చువల్ మెషీన్. అంటే సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌లో వేసుకుంటే చాలు, ఓ విండోలో లినక్స్ నడుస్తుంది. అది తన హార్డ్‌డిస్కు అనుకునేది నిజానికి విండోస్‌లోని ఓ పెద్ద ఫైలు. లోపల ఫార్మాట్ కొట్టినా ఆ ఫైలులో ఉన్నదే పోతుంది. ప్రయోగానికి ముందు 'స్నాప్‌షాట్' తీసుకుంటే, ప్రోగ్రామ్ బెడిసికొట్టినా నిమిషాల్లో పాత స్థితికి రావచ్చు.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం 1972లోనే పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370ని ప్రకటించింది. 1999లో వీఎంవేర్ దీన్ని మామూలు పీసీలకు తెచ్చింది. 2012లో మైక్రోసాఫ్ట్ తన అజ్యూర్‌లో లినక్స్ వర్చువల్ మెషీన్లకు చోటిచ్చింది. అప్పుడు ఆ విభాగానికి పెద్ద సత్య నాదెళ్ల. ఆయన తండ్రిది అనంతపురం ప్రాంతంలోని బుక్కాపురం. ఇంట్లో నేర్చుకునే ఈ పాఠం రేపు ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. 8 జీబీ ర్యామ్ ఉంటే వర్చువల్ మెషీన్‌కు 4 జీబీ మించి ఇవ్వొద్దు. మొత్తం 4 జీబీయే ఉంటే రెండూ నత్తనడకే. అది మొదలవనని మొరాయిస్తే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. నాన్న ఫోల్డర్‌ను 'షేర్డ్ ఫోల్డర్'గా కలపొద్దు. అలా కలిపితే లోపల చెరిపింది బయటా పోతుంది. స్నాప్‌షాట్ ఉందని ధీమా కూడా పనికిరాదు. డిస్కే చెడిపోతే అదీ పోతుంది. కాబట్టి అబ్బాయి మొదట చేయాల్సిన పని... లెక్కలు, ఫొటోలు వేరే డిస్కులోకి కాపీ చేసి నాన్న చేతికివ్వడం. ఆ తర్వాత ఎంత కెలికినా ఆయన నిశ్చింతగా నిద్రపోతాడు!