మ్యూజిక్ అవార్డుల్లో మ్యూజిక్ ఎక్కడండీ?

దుబాయ్‌లో మనవాళ్ళు గామా అని ఒక అవార్డుల పండగ మొదలుపెట్టారు. అప్పట్లో దాని పూర్తి పేరు గల్ఫ్ ఆంధ్రా మ్యూజిక్ అవార్డ్స్. 2025 ఆగస్టులో అదే గామా షార్జాలో జరిగింది, గల్ఫ్ అకాడమీ మూవీ అవార్డ్స్ అన్న పేరుతో. పొట్టి పేరు అదే, అక్షరాలూ అవే. ఆంధ్రా పోయి అకాడమీ వచ్చింది, దాని గురించి నాకు బెంగ లేదు. నా బాధంతా ఆ 'ఎమ్' గురించే. మ్యూజిక్ దిగిపోయింది, మూవీ ఎక్కి కూర్చుంది.

వాళ్ళని తిట్టడానికి ఈ టపా రాయట్లేదు. పరాయి దేశంలో అంత పెద్ద కార్యక్రమం చెయ్యడం ఆషామాషీ వ్యవహారం కాదు. మన టీవీల్లో ఎప్పట్నుంచో జరుగుతున్నదే వాళ్ళ పేరులో బయటపడింది, అంతే. తెలుగువాడికి పాటంటే ప్రాణం అని ప్రతి వేదిక మీదా చెప్పుకుంటాం. ఆ పాట కోసం, దాన్ని తయారుచేసినవాళ్ళ కోసం ఏడాదికి ఒక్క రాత్రి కూడా పెట్టుకోలేకపోయాం. మనకున్నది హీరోల రాత్రి. అందులో పాట డాన్సుకి పనికొచ్చే సరుకు మాత్రమే.

కావాలంటే లెక్క చూడండి. 2012లో దుబాయ్‌లో మొదలైన సైమా అయినా, అంతకు ముందునుంచీ ఉన్న ఫిలింఫేర్ సౌత్ అయినా, తెలుగు సంగీతానికి ప్రధానంగా ఇచ్చే బహుమతులు నాలుగు. సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయకుడు, గాయని. ఏడాది పొడుగునా వచ్చిన తెలుగు సంగీతాన్నంతా నాలుగు డబ్బాల్లో సర్దేసి మూత పెట్టేస్తాం. మిర్చి మ్యూజిక్ అవార్డ్స్ సౌత్ అని పేరులోనే మ్యూజిక్ ఉన్నది ఒకటి వచ్చింది. అది నాలుగు దక్షిణాది భాషలకీ కలిపి. పెళ్ళివారింట్లో నాలుగు పెళ్ళిళ్ళు ఒకే ముహూర్తానికి పెడితే ఏ పెళ్ళికొడుకు ఎవరో తెలియనట్టే ఉంటుంది కదా!

సరే, ఆ నాలుగు బహుమతులైనా టీవీలో ఎలా చూపిస్తారు? కార్యక్రమం అయిన కొన్ని వారాల తర్వాత కోసి, అతికించి వేస్తారు. గాయని వేదిక ఎక్కుతుంది. యాంకర్ "మేడమ్, మా కోసం ఒక్క లైన్" అంటుంది. ఒక్క లైన్! ఆవిడ మైకు సర్దుకునేలోపు చప్పట్లు, ముందు వరసలో కూర్చున్న హీరో గారి నవ్వు, ప్రకటనలు. తర్వాత అదే పాటకి హీరోయిన్ పది నిమిషాలు డాన్సు చేస్తుంది, రికార్డు వేసుకుని. ఆ పాట పాడిన మనిషి అదే హాల్లో నాలుగో వరసలో కూర్చుని తన గొంతు తనే వింటూ ఉంటుంది. సంగీతానికి ఇంతకంటే అవమానం ఏముంటుందో నాకైతే తెలీదు.

మనకి అర్థమయ్యే భాషలో చెప్తాను. ఇది మన అప్రైజల్ లాంటిదే. రాత్రంతా కూర్చుని బగ్ పట్టుకున్న టెస్టర్ పేరు మెయిల్‌లో ఉండదు, డెమో ఇచ్చినవాడికి స్టార్ పెర్ఫార్మర్ కప్పు వస్తుంది. రేటింగ్ ఎవరు వేశారో, దేన్ని చూసి వేశారో అడగకూడదు. దాని గురించి క్యాంటీన్‌లో గంట సేపు ఏడుస్తాం. ఆదివారం సాయంత్రం సోఫాలో కూర్చుని అదే వ్యవహారాన్ని వినోదం అనుకుని చూస్తాం.

ప్రభుత్వాల సంగతంటారా? నందులు 1964 నుంచి ఉన్నాయి. 1986, 87, 88 వరసగా మూడేళ్ళు సిరివెన్నెల సీతారామశాస్త్రి గారికి గీత రచయితగా నంది వచ్చింది. పాటలో మాటకి విలువుందని జనానికి గుర్తుచేసిన రోజులవి. 2014, 2015, 2016 సంవత్సరాల నందులు ఒకేసారి 2017 నవంబరులో ప్రకటించారు, గొడవలయ్యాయి, ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో గద్దర్ పేరు మీద అవార్డులిచ్చింది. జీవితమంతా జనం పాట పాడినవాడి పేరు. అవార్డులు మాత్రం మళ్ళీ సినిమాలకే.

ఇప్పుడు పక్కవాళ్ళ సంగతి చూద్దాం. మా టీమ్‌లో మెక్సికో నుంచి పనిచేసే అబ్బాయి ఒకడున్నాడు. నవంబరు వచ్చిందంటే లాటిన్ గ్రామీ గురించి మనం క్రికెట్ గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు. వాడి పుణ్యమా అని ఆ కార్యక్రమం చూడ్డం మొదలుపెట్టాను. మొదటిది 2000 సెప్టెంబరు 13న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది, అమెరికాలో ఇంగ్లీషు ఛానెల్ సీబీఎస్‌లో వచ్చింది. 2005 నుంచి స్పానిష్ ఛానెల్ యూనివిజన్‌కి మారింది. అదే యూనివిజన్‌లో 1989 నుంచి 'ప్రేమియో లో నుఎస్ట్రో' అని ఇంకొకటి ఉంది. 'లో నుఎస్ట్రో' అంటే 'మనది' అని అర్థమట. పొట్టకూటి కోసం దేశం దాటినవాళ్ళు తమ పాటకి పెట్టుకున్న బహుమతి పేరు 'మనది'. ఎంత బాగుందో చూడండి.

లాటిన్ గ్రామీలో యాభైకి పైగా విభాగాలున్నాయి. టాంగోకి వేరే, ఫ్లమెంకోకి వేరే, రాంచెరా-మరియాచికి వేరే, పిల్లల పాటలకి వేరే. పోర్చుగీసులో పాడేవాళ్ళకి వాళ్ళ విభాగాలు వాళ్ళకున్నాయి. ఆల్బమ్‌ని రికార్డు చేసిన సౌండ్ ఇంజనీర్లకి ఒకటి, అట్ట బొమ్మ వేసినవాళ్ళకి ఒకటి. ఓటు వేసేది సంగీతంలో పనిచేసే అకాడమీ సభ్యులు. అక్కడా తళుకుబెళుకులు ఉన్నాయి, చాలా విభాగాలు అసలు ప్రసారానికి ముందే ఇచ్చేస్తారు, అలకలూ ఉన్నాయి. 2019లో ముఖ్యమైన విభాగాల్లో రెగెటోన్‌ని పక్కనపెట్టారని ఆ గాయకులు బహిరంగంగా తిరగబడ్డారు. మరుసటి ఏడాది రెగెటోన్‌కి విడిగా విభాగం వచ్చింది. గొడవపడ్డానికైనా వాళ్ళకో వేదిక ఉంది. మన జానపద గాయకుడు అలగాలంటే ఎవరి మీద అలగాలి? అసలు విభాగమే లేదే!

ఇక్కడ మా ఊరి గురించి చెప్పాలి. మాది కొవ్వూరు. గోదారికి ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున రాజమండ్రి. మా పక్కనే కుమారదేవంలో సినిమా చెట్టని ఉండేది. దాని కింద ఎన్ని పాటలు తీశారో లెక్కలేదు. 2024 ఆగస్టులో అది పడిపోతే పేపర్లూ టీవీలూ అన్నీ వచ్చాయి. సంతోషమే. కానీ అదే మండలంలో సన్నాయి మేళాలు, కోలాటం బృందాలు, హార్మోనియం మీద వేళ్ళు అరిగిపోయిన భజన గురువులు ఉన్నారు. వాళ్ళలో ఒకరు పోతే కెమెరా రాదు. నీడనిచ్చిన చెట్టుకి దక్కిన గుర్తింపు పాటనిచ్చిన మనిషికి దక్కలేదు.

మా బాబాయ్ ఇప్పటికీ వినాయక చవితి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి తబలా వాయిస్తాడు. 'సితార' సినిమాలో జానకి గారికి జాతీయ అవార్డు తెచ్చిన ఆ గోదారి పాట అంటే ఆయనకి ప్రాణం. ఒకసారి అడిగాడు, "ఒరే, కంప్యూటర్ చదివావు కదా, ఆ పాటలో వాయించినవాళ్ళు ఎవరెవరో చూసి పెట్టరా" అని. పాడింది జానకి, రాసింది వేటూరి, స్వరపరిచింది ఇళయరాజా. అంతవరకు చిటికెలో దొరికింది. వాయించినవాళ్ళ పేర్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఓపెన్ సోర్స్‌లో ఒక్క లైను మార్చినవాడి పేరు కూడా హిస్టరీలో ఉంటుంది. కోట్లమంది విన్న పాటలో తాళం వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

"తెలుగులో సినిమా పాట తప్ప వేరే పాట ఎక్కడుంది?" అంటారు కొందరు. ఉంది సార్. మన ఊళ్ళల్లో చావింటి దగ్గరా గుడి మైకులోనూ వినిపించే ఘంటసాల భగవద్గీత ఏ సినిమాలోది? ఆయన పుష్పవిలాపం ఏ సినిమాలోది? రెండూ ప్రైవేటు రికార్డులే. అవి ఇవాళ విడుదలైతే మన టీవీ అవార్డుల్లో పెట్టడానికి గడి లేదు. చౌరస్తా బ్యాండ్‌లో రామ్ మిరియాల పట్నం వదిలి ఊరెళ్ళిపోతానని పాడితే హాస్టల్ గదుల్లో మనమే పదిసార్లు విన్నాం. దానికీ గడి లేదు. తర్వాత 'జాతిరత్నాలు' (2021)లో పాడాక ఆయన సినిమా మనిషి అయ్యాడు కాబట్టి అర్హత వచ్చింది. కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వానికి కనిపించిన కిన్నెర మన టీవీ అవార్డులవాళ్ళకి కనిపించాలంటే మళ్ళీ స్టార్ హీరో సినిమాలోనే మోగాలి.

"హీరోలు లేకపోతే ఎవరు చూస్తారు?" ఇది రెండో వాదన. 'పాడుతా తీయగా' 1996 నుంచి ఎవరు చూశారండీ? ముక్కూమొహం తెలియని పిల్లలు పాడుతుంటే, బాలు గారు ఒక్కో పాట వెనక కథ చెప్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. పాటని శ్రద్ధగా చూపిస్తే జనం చూస్తారని మన టీవీయే నిరూపించింది.

అందుకని నేను కోరేవి నాలుగే:

1. సినిమాతో సంబంధం లేని పాటకి కనీసం మూడు విభాగాలు: జానపదం, భక్తి, సొంత ఆల్బమ్.

2. వాద్య కళాకారులకీ సౌండ్ ఇంజనీర్లకీ బహుమతి. నామినేట్ అయిన ప్రతి పాటకీ వాయించినవాళ్ళ పేర్లు తెర మీద పడాలి.

3. బహుమతి వచ్చిన పాటని పాడినవాళ్ళు, వాద్యాలతో, పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడాలి. ఒక్క లైన్ బేరాలొద్దు.

4. ఎవరు ఎంపిక చేశారో, ఎలా చేశారో ముందే బయటపెట్టాలి.

ఇవన్నీ మనకెందుకు అంటారా? డబ్బులు మనవి కాబట్టి. దుబాయ్ టిక్కెట్లు కొనేది మనం, అమెరికాలో తెలుగు సంఘాల మ్యూజికల్ నైట్‌లకి చందాలిచ్చేది మనం, ఇంట్లో చందా కట్టి ఛానెళ్ళు పెట్టించుకునేది మనం. 2023లో 'నాటు నాటు' ఆస్కార్ తెచ్చినప్పుడు ఆఫీసుల్లో కేకులు కోశాం. బయటివాడు మన పాటని మెచ్చుకుంటే కేకు కొయ్యడం బాగానే వచ్చు. మన పాటకి మనమే పీట వెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటాం?

ఈసారి అవార్డ్ నైట్‌కి స్పాన్సర్‌షిప్ అడుగుతూ ఎవరైనా మీ దగ్గరికొస్తే, ఏ హీరో వస్తున్నాడని అడక్కండి. వాయించినవాళ్ళకి ఇందులో ఏముందని అడగండి. జవాబు లేకపోతే చెక్కు బుక్కు మూసెయ్యండి.