టాపు దించితే... గోదారి గాలి!

దుమ్ముగూడెం పేరులోనే దుమ్ముంది. ఎండాకాలం భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో టాపు లేని జీపెక్కితే ఆ పేరెందుకో ఎవర్నీ అడగక్కర్లేదు. దిగేసరికి జుట్టు, కనుబొమలు, చొక్కా కాలరు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. అయినా సరే, ముందు సీటు కోసం పిల్లలు కొట్టుకుంటారు. ఒకపక్క అడవి, ఇంకోపక్క చెట్ల సందుల్లోంచి తొంగిచూసే గోదారి, మొహానికి తగిలే గాలి... ఏసీ కారులో అద్దాలు బిగించుకుని కూర్చుంటే దొరికే సుఖమా అది?

కన్వర్టిబుల్ అనగానే చాలామందికి పాత సినిమాలే గుర్తొస్తాయి. హీరో పొడవాటి కారు నడుపుతుంటాడు, పక్కన హీరోయిన్ చున్నీ గాల్లో ఎగురుతుంటుంది, వెనక పాట. అలాంటి కార్లు జమీందారుల ఇళ్లలోనూ స్టూడియోల్లోనూ ఉండేవి. అడవి అంచు ఊళ్లకు మాత్రం టాపు దించుకునే బండి అంటే ఒకటే... జీపు! ఫారెస్టువాళ్లు వచ్చినా, పోలీసులు వచ్చినా, ఎన్నికల పెట్టెలు వచ్చినా ఆ బండి మీదే. తర్వాత అదే బండి షేర్ ఆటోకి అన్నయ్యలా మారి, పదిమంది పట్టేచోట ఇరవైమందిని సంతలకు మోసింది.

ఇప్పుడు ఆ జీపులు చాలావరకు పాతసామాను కొట్టుకు చేరాయి. ఎక్కడో ఒకటి చింతచెట్టు కింద, మరొకటి కూలిన వసారాలో, కోళ్లకు గూడుగా మిగిలింది. వాటిని బయటకు లాగి, తుప్పు గీకి, మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడేవాళ్లు ఈమధ్య పెరుగుతున్నారు. ఇది డబ్బున్నవాళ్ల సరదాయే కాదు, ఓపికున్నవాళ్ల సరదా కూడా.

యుద్ధం నుంచి అడవికి

జీపు పుట్టింది యుద్ధం కోసం. అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 1941 నుంచి 1945 మధ్య ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఇంజిన్ నాలుగు సిలిండర్లది, 60 హార్స్‌పవర్. తలుపుల్లేవు. ముందు అద్దం బానెట్ మీదకి వాలుతుంది. టాపు అంటే ఇనుప కమ్మీల మీద పరిచే కాన్వాస్ గుడ్డ, అంతే. మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన సీజే 3బీ మోడల్‌దే మనకు బాగా తెలిసిన ఆకారం. ఎత్తయిన బానెట్, గుండ్రటి రెండు కళ్లలాంటి లైట్లు. కొత్త ఇంజిన్ ఎత్తుగా ఉండటంతో బానెట్‌ని ఎత్తు చేయాల్సి వచ్చిందట!

అసలు సిసలు కారులో టాపు దించుకోవాలనుకున్నవాళ్లకు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. 1961లో వచ్చింది. దీని గొప్ప ఏంటంటే, బండి బరువు మోసేది కింద ఉన్న ఛాసిస్. పైకప్పు బోల్టులతో బిగించిందే. విప్పేసినా బండికి పెద్ద నష్టం లేదు. అందుకే టాపు లేని హెరాల్డులు ఇప్పటికీ పాత కార్ల ర్యాలీల్లో కనిపిస్తాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. అంబాసిడర్ అలాంటిది కాదు. దానికి విడిగా ఛాసిస్ ఉండదు. పైకప్పు, స్తంభాలు, నేల అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి. అగ్గిపెట్టె పైభాగం కోసి రెండు చివరలా పట్టుకు చూడండి, మధ్యలో వంగిపోతుంది. టాపు కోసేసిన అంబాసిడర్ కూడా అంతే. నాలుగు గతుకులు పడ్డాక తలుపులు పట్టవు. పైగా తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం చట్టం ఒప్పుకోదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ముచ్చట తీర్చుకోవాలంటే పుట్టుకతోనే టాపు లేని బండిని వెతుక్కోవడమే మార్గం.

ముందు కాగితం... తర్వాతే స్పానర్

పాత బండి కనబడగానే చేతులు దురదపెడతాయి. ఆగాలి. మొదట చూడాల్సింది ఆర్సీ పుస్తకం. అందులోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్నవాటితో కలవాలి. ఇది చిన్న విషయం కాదు. ఏజెన్సీ దారుల్లో తిరిగిన జీపుల్లో పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్‌ది పెట్టినవే ఎక్కువ. కిరాయి గిట్టుబాటు కావాలి కదా! ఆ మార్పు పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నది చూడకుండా కొంటే, ఏడాది పని చేశాక ఆర్టీవో ఆఫీసు దగ్గర కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది తుప్పు. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. యుద్ధకాలపు జీపులకు నేల రేకు కింద ఇనుప పట్టీల్లో చెక్క ముక్కలు ఉండేవి. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని ఏళ్లతరబడి లోపల్నుంచే రేకును తినేస్తుంది. పైన పెయింటు నిగనిగలాడుతుంటుంది. కాబట్టి, బండిని చూసేవాళ్లు పైకి కాదు... నేల మీద పడుకుని కిందకి చూడాలి.

విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫొటో తీయాలి. ప్రతి నట్టూ ఒక డబ్బాలోకి, డబ్బా మీద చీటీ. 'గుర్తుంటుందిలే' అనుకున్న బోల్టు ఎక్కడిదో ఆరు నెలల తర్వాత బ్రహ్మకైనా తెలియదు.

పట్టేసిన ఇంజిన్‌తో మొండితనం పనికిరాదు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త డీజిలూ ఇంజిన్ ఆయిలూ పోసి నాలుగైదు రోజులు వదిలేయాలి. తర్వాత హ్యాండిల్ పెట్టి చేత్తోనే మెల్లగా కదపాలి. ఇవాళ వెంట్రుకవాసి కదిలితే రేపు అంగుళం కదులుతుంది. ట్రాక్టరుకి కట్టి లాగించారో, పిస్టన్ రింగులు విరిగి పని రెట్టింపవుతుంది.

ఇంకో సంగతి. పాత జీపులో పెట్రోల్ ట్యాంకు ఉండేది సరిగ్గా డ్రైవర్ సీటు కిందే! ఖాళీ ట్యాంకే కదా అని దాని పక్కన వెల్డింగ్ మొదలుపెట్టడం ప్రాణాలతో చెలగాటం. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. విప్పి దూరంగా పెట్టాకే మంట వెలిగించాలి. బ్రేకుల సంగతీ అంతే. ఈ బండ్లకు నాలుగు చక్రాలకూ ఒకటే గొట్టం దారి. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. అందుకే ముందు బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్, అన్నిటికన్నా చివర పెయింటు అంటారు అనుభవం ఉన్న మెకానిక్కులు. మనవాళ్లు మాత్రం పెయింటుతోనే మొదలుపెడతారు!

కాన్వాస్ టాపు కుట్టించేటప్పుడు కొలత బండి మీదే తీసుకోవాలి. వాన వెలిశాక తడి గుడ్డను అలాగే మడిస్తే వారంలో బూజు. ఎండలో పరిచి, పూర్తిగా ఆరాకే మడవాలి. దారం పని అంటే ఏమిటో దుమ్ముగూడేనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడి ఆడవాళ్లు అల్లిన లేసుకు ఒకప్పుడు విదేశాల్లోనూ పేరుండేది. ఒక్క పోగు తప్పితే అల్లికంతా విప్పాల్సిందే. ఇనుము పనికీ అదే సూత్రం.

గోదారొస్తే...

ఈ ప్రాంతంలో పాత బండి పెట్టుకున్నవాళ్లకు తుప్పు కన్నా పెద్ద శత్రువు ఇంకొకటుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అంటే ఏ స్థాయి వరదో ఊహించుకోవచ్చు. అలాంటప్పుడు ముందు మనుషులు, పశువులు, ధాన్యం. బండి గురించి ఆలోచించేది ఆఖర్నే.

నీళ్లు తీశాక మాత్రం ఒక్క తప్పు చేయకూడదు. 'స్టార్టవుతుందేమో చూద్దాం' అని తాళం తిప్పడం! సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. ఇంజిన్, గేరుబాక్సు, ముందూ వెనకా ఇరుసుల ఆయిళ్లు వంచి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే. మార్చాలి, కాసేపు తిప్పి మళ్లీ మార్చాలి. చక్రాల బేరింగుల్లోని ఒండ్రు కడిగి కొత్త గ్రీజు పట్టించాలి. వరద నీటి కన్నా ఆ నీరు వదిలివెళ్లే సన్నటి ఒండ్రే ఎక్కువ నష్టం చేస్తుంది.

సగంలో ఆగిన పనులు

"ఆ ఇనుపసామాను ఎప్పుడు అమ్మేస్తారండీ?"

పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. మొదటి ఆదివారం ఇల్లంతా సంబరం. పిల్లలు సబ్బునీళ్లు తెస్తారు, తాతగారు తన చిన్ననాటి జీపు ప్రయాణాలు చెబుతారు. ఆరో నెలకు వరండా నిండా డబ్బాలు, గోడల మీద గ్రీజు చేతులు. ఏడాదికి పిల్లల ఫీజుల సమయం, బండి మీద పరదా. ఆ పరదా మళ్లీ తీయని ఇళ్లే ఎక్కువ. విప్పిన బండిని విప్పినట్టే అమ్మితే సగం ధర కూడా రాదు. ఎందుకంటే కొనేవాడికి దొరికేది బండి కాదు, చిక్కుముడి.

సగంలో ఆగిన పని ఎలా ఉంటుందో దుమ్ముగూడెం దగ్గరే చూడొచ్చు. గోదావరిని వార్ధా దాకా పడవల దారిగా మార్చాలని సర్ ఆర్థర్ కాటన్ కలగన్నాడు. నదిలో బండలు అడ్డొచ్చే మూడు చోట్ల ఆనకట్టలు, కాలువలు, లాకులు కట్టాలన్నది పథకం. ఆ మూడింటిలో మొదటిది దుమ్ముగూడెం. కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో ఏళ్లతరబడి పని నడిచింది. ఖర్చు పెరిగింది, రైళ్లు వచ్చాయి. 1871లో పనులు ఆపేశారు. మూడు అడ్డంకుల్లో ఏ ఒక్కటి దాటకపోయినా దారి పూర్తికాదు. ఇక్కడ కట్టిన రాయి ఎంత గట్టిదైతే ఏం లాభం?

అందుకే ఈ సరదా మొదలుపెట్టేవాళ్లు ఒక నియమం పెట్టుకోవడం మంచిది. బండిని ఒక్కసారే మొత్తం విప్పొద్దు. ఒక భాగం విప్పి, బాగుచేసి, బిగించాకే రెండోది. ఈ నెల బ్రేకులు, వచ్చే నెల ఇంధనం గొట్టాలు. నెలకు ఇంత అని ఇంట్లో అందరూ కూర్చుని అనుకున్న మొత్తం దాటకూడదు. పని నెమ్మదిగా సాగుతుంది, నిజమే. కానీ ఏ రోజు ఆపినా అక్కడున్నది బండే అవుతుంది, ఇనుపసామాను కాదు.

ఎంత బాగుచేస్తే బాగు?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చాడు. కానీ 1911లోనే కన్నుమూశాడు. బండి ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. దశాబ్దాలు మూలపడిన ఆ బండిని తిరిగి తీర్చిదిద్దారు. దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు మెరుపుని మాత్రమే చూడరు, ఆ కాలాన్ని చూస్తారు.

జీపుకీ అంతే విలువ ఉంది. అల్లాయ్ చక్రాలు, పది లైట్లు, చెవులు చిల్లులుపడే స్పీకర్లు పెడితే అది ఈ ఏడాది బండి అవుతుంది. తాతగారి బండి కాకుండా పోతుంది. చట్టం కూడా అసలు రూపం వైపే మొగ్గుతోంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని సొంత బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కి రూ.5 వేలు. అయితే ఆ బండిని రోజూ తిప్పడానికో కిరాయికో వాడకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు, రిపేరుకి నడపొచ్చు. రోజూ నడుపుకోవాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌తోనే అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించుకోవాలి.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ దగ్గుతుంది, ఇంకోసారి దగ్గుతుంది, మూడోసారి అందుకుంటుంది. 'ఎప్పుడు అమ్మేస్తారండీ' అన్న ఇల్లాలే కొంగు నడుముకి దోపి ముందు సీట్లో కూర్చుంటుంది. టాపు దించుతారు. పర్ణశాల దాకా వెళ్లొస్తే ఒంటినిండా దుమ్మే. ఇంటికొచ్చాక ముందు ఎవరికి స్నానం... మనుషులకా, బండికా? ఆ రోజు మాత్రం ఓటు బండికే పడుతుంది!