చూచే హక్కు వేరు, సంతకం చేసే హక్కు వేరు

బ్యాంకు పాస్‌బుక్కులో ఎంత నిల్వ ఉన్నదో చదివి చెప్పమని పొరుగింటి చదువుకున్న పిల్లవానిని అడగడం మన పల్లెల్లో కొత్త కాదు. అయితే చదివి పెట్టినందుకు సంతకం చేసిన ఖాళీ చెక్కును అతని చేతిలో ఉంచి వచ్చిన వారు అరుదు. ఆ పాత జాగ్రత్తనే నేడు ఒక కొత్త సాంకేతిక సౌకర్యం ముందు మరల గుర్తుచేసుకోవలసి వస్తున్నది. క్రిప్టో కరెన్సీ వాలెట్లలోని నిల్వను చూచి చెప్పే సాఫ్ట్‌వేర్ ఉపకరణాలు కృత్రిమ మేధ ఏజెంట్లకు అందుబాటులోకి వచ్చాయి.

ఏజెంట్ అంటే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకొనేది కాదు. అప్పగించిన పనిని దశలుగా విడదీసుకొని, అవసరమైన ఉపకరణాలను తానే పిలిచి పూర్తిచేసే కార్యక్రమం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే బహిరంగ ప్రమాణాన్ని విడుదల చేసిన తరువాత ఇటువంటి ఉపకరణాలను జోడించడం సులభమైంది. వాలెట్‌లో ఎంత ఉన్నదని మామూలు మాటల్లో అడిగితే చాలు. ఏజెంట్ చిరునామాను ఉపకరణానికి అందిస్తుంది, ఉపకరణం బ్లాక్‌చైన్‌ను చదివి అంకెను తెచ్చి ఇస్తుంది.

ఇందులో తాళం పగులగొట్టవలసిన పని లేదు. 2009 జనవరిలో ఆరంభమైన బిట్‌కాయిన్‌లోను, 2015లో వచ్చిన ఇథీరియంలోను లావాదేవీల పద్దు అంతా బహిరంగమే. రచ్చబండ గోడమీద వ్రాసిన లెక్క వంటిది అది. పేర్లకు బదులు చిరునామాలు ఉంటాయి, అంతే తేడా. చిరునామా తెలిసిన వారెవరైనా నిల్వను చూడవచ్చు. ఖర్చు చేయాలంటే మాత్రం ప్రైవేట్ కీ అనే రహస్య సంకేతంతో సంతకం చేయాలి. సాధారణంగా 12 లేక 24 పదాల వరుసగా దాచుకొనేది ఆ కీకి మూలమైన రహస్యాన్నే. కాబట్టి నిల్వ చూపుతానని వచ్చిన ఉపకరణం ఆ పదాలను అడిగితే, దాని వెనుక ఉన్నది మోసమైనా అజ్ఞానమైనా దానికి దూరంగా ఉండడమే వివేకం.

చూడడం ప్రమాదరహితమే అయినా, చూచినది సరిగా ఉన్నదా అన్నది రెండవ ప్రశ్న. ఒక ఈథర్‌ను 1 తరువాత 18 సున్నాలు గల సంఖ్యన్ని ‘వెయ్’లుగా విభజిస్తారు. ఇథీరియం మీద నడిచే యూఎస్‌డీటీ టోకెన్‌కు దశాంశ స్థానాలు ఆరే. ఈ తేడా ఎరుగని ఉపకరణం ఆరింటిని పద్దెనిమిదిగా లెక్కిస్తే, ఉన్న సొమ్ము లక్ష కోట్లవ వంతుగా కనిపిస్తుంది. బిట్‌కాయిన్‌లో ఒకే వాలెట్‌కు అనేక చిరునామాలు ఉండవచ్చు. ఒక్కదానిని చూచి మొత్తం ఇంతేనని ఏజెంట్ చెప్పితే అది తప్పుడు లెక్కే. అయినా ఏజెంట్ భాష మాత్రం ఎప్పటివలెనే ధీమాగా ఉంటుంది.

మూడవ చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఎవరి వాలెట్‌లోకైనా ఎవరైనా అడగకుండానే టోకెన్లు పంపవచ్చు, వాటికి తమకు తోచిన పేరు పెట్టవచ్చు. ఆ పేరులోనే ‘ఫలానా చోటికి సొమ్ము పంపుము’ అని వ్రాసి పంపితే, చదివిన ఏజెంట్ దానిని యజమాని ఆజ్ఞగా పొరబడే అవకాశం ఉన్నది. మనకు తెలిసిన చిరునామాకు మొదటి, చివరి అక్షరాలు సరిపోయే మరొక చిరునామా నుండి అతి స్వల్ప మొత్తం పంపి, తరువాత పొరపాటున దానికే చెల్లించేటట్లు చేసే మోసం ఇప్పటికే ఉన్నది. చూచే అధికారం మాత్రమే గల ఏజెంట్ ఇటువంటి వలలో పడినా నష్టం తప్పుడు జవాబుతో ముగుస్తుంది. కీ కూడా దాని చేతిలో ఉంటే సొమ్ముతో ముగుస్తుంది. బ్లాక్‌చైన్‌పై జరిగిన చెల్లింపును వెనక్కి త్రిప్పే బ్యాంకు మేనేజరు ఎవరూ ఉండరు.

తెరపై కనిపించినదే సత్యమని నమ్మి నిపుణులే దెబ్బతిన్నారు. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులను కోల్పోయింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ సంస్థ నుండి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ తరలిపోయింది. అక్కడ సంతకం చేసిన వారికి తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, వాస్తవంగా అమలైనది మరొకటి. మనుషులకే ఇట్లు జరిగినప్పుడు, మధ్యవర్తి చూపినదే చదివే యంత్రానికి సంతకం అప్పగించడం ఎంతవరకు సబబు?

మన పాఠకులు ఏ రాష్ట్రపు సరిహద్దులో నివసిస్తున్నా ఈ ఆస్తులపై పన్ను కేంద్ర చట్టం ప్రకారమే. 2022 ఏప్రిల్ 1 నుండి లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుండి బదిలీలపై 1 శాతం మూలంలో కోత అమలులోకి వచ్చాయి. పన్ను లెక్కకు కావలసినది కొన్న ధర, అమ్మిన ధర. నేటి నిల్వ మాత్రమే చెప్పే ఉపకరణం ఆ లెక్క తేల్చలేదు. పైగా చిరునామాను మన పేరుతో జతచేసి ఏజెంట్‌కు చెప్పినప్పుడు, గోడమీది అనామక లెక్కకు మన పేరు తగిలించినట్లే. ఆ సమాచారం సేవ నడిపే సంస్థకు చేరుతుందన్న సంగతి విస్మరించరాదు.

ఇంతమాత్రాన ఈ సౌకర్యాన్ని తిరస్కరించవలసిన పని లేదు. చిరునామా మాత్రమే ఇవ్వాలి. వచ్చిన అంకెను బ్లాక్‌చైన్ వివరాలు చూపే మరొక చోట సరిపోల్చుకోవాలి. చెల్లింపులు కూడా ఏజెంట్ చేతనే చేయించదలచినవారు, పోయినా భరించగల స్వల్ప మొత్తంతో వేరే వాలెట్ ఉంచుకోవాలి. పాస్‌బుక్ ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. సంతకం మాత్రం మన చేతిలోనే ఉండాలి.