చుక్క గీతగా పడితే తప్పెవరిది?

 ఈ నెల కొంచెము వింత సంగతి వ్రాస్తున్నాము. ఆకాశములోని చుక్కలను ఫొటో తీసే యంత్రము గురించి. "పొలము పనులు, పిల్లల చదువులు ఉండగా అయ్యగారికి దుర్భిణి గొడవ ఎందుకు?" అని మీరు అడగవచ్చును. ఆ యంత్రము దగ్గర మేము ఒక పొరపాటు చేశాము. అది మీలో ఎవరి ఇంటిలోనైనా జరగగల పొరపాటే గనుక వ్రాస్తున్నాము.

అత్తాపూర్‌లోని మా సంఘములో ఒక కుటుంబము వారి కుమారుడు విదేశములో ఉద్యోగము చేస్తున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు తాను వాడిన టెలిస్కోపును, దానిని త్రిప్పే మోటారు మౌంటును మా యౌవనస్థుల కూటమికి ఇచ్చి వెళ్ళాడు. అత్తాపూర్‌లో రాత్రి ఆకాశము కనబడేది తక్కువ. ఎక్స్‌ప్రెస్‌వే దీపాలు, దుకాణాల దీపాలు, పైన శంషాబాదు విమానాలు. అందుచేత సంక్రాంతి సెలవులలో ఒక సాయంత్రము పాత జీపులో షాద్‌నగర్ అవతల ఒక పల్లెకు బయలుదేరాము. అక్కడి సంఘపెద్ద తన కళ్ళములో మాకు చోటిచ్చాడు.

దారిలో ఒక స్పీడు బ్రేకరు దగ్గర మౌంటు ఉన్న పెట్టె సీటు మీద నుండి జారి క్రింద పడింది. దానిని పట్టుకొని కూర్చున్నది పదిహేడేళ్ళ అబ్బాయి. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇళ్ళలో పని చేస్తుంది.

రాత్రి పది గంటలకు మృగశీర్ష దక్షిణాన బాగా పైకి వచ్చింది. యోబు గ్రంథములో పేరున్న నక్షత్రములే అవి. నడుమ వరుసగా మూడు చుక్కలు, వాటి క్రింద మసకగా ఒక వెలుగు మేఘము. ఆ వెలుగు మనలను చేరడానికి సుమారు 1,300 సంవత్సరములు పడుతుంది. దానిని ఫొటో తీయాలని పిల్లల ఆశ. ఒక నిమిషము తీశారు, రెండు నిమిషములు, మూడు నిమిషములు తీశారు. ఏ ఫొటోలోనూ చుక్క చుక్కగా పడలేదు. అన్నీ గీతలే.

"పెట్టె పడేశాడు, చక్రాలు విరిగాయి" అన్నారు పిల్లలు. మేమైనా ఊరుకోవలసినది. ఊరుకోలేదు. "నాయనా, ఒక్క పెట్టె పట్టుకోమంటే అది కూడా చేతకాలేదా?" అని అందరి ముందు అన్నాము. అతడు జవాబు చెప్పలేదు. తరువాత మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

నగరములో ఒక దుకాణములో మౌంటును చూపించాము. మోటారు, పళ్ళ చక్రము రెండూ మార్చాలన్నారు. వారు అడిగిన డబ్బు మా సంఘపు రెండు నెలల కానుకకు దగ్గరగా ఉంది. చందా వేద్దామని అనుకుంటుండగా మా సంఘములోని ఒక పెద్దాయన ఇంటికి వచ్చాడు. జీవితమంతా ఫిట్టరుగా పని చేసి రిటైరైనవాడు. టెలిస్కోపును ఎన్నడూ ముట్టినవాడు కాడు.

"అయ్యగారూ, ఆ ఫొటోలు ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. కంప్యూటరు మీద వరుసగా చూపించాము. చాలాసేపు చూశాడు.

"గీతలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి గదా. ఒక నిమిషపు ఫొటోలో గీత ఇంత ఉంటే, మూడు నిమిషాల దానిలో సరిగ్గా మూడింతలు ఉంది. పన్ను విరిగిన చక్రము ఇట్లా నడవదండి. కొంతసేపు బాగా నడిచి, విరిగిన చోట ఎగురుతుంది. మోటారు వేయక ముందు తీసిన ఫొటో ఏదైనా ఉందా?"

అదృష్టము కొద్దీ ఒకటి ఉంది. అందులో కూడా గీతలే ఉన్నాయి, కాని అడ్డముగా ఉన్నాయి. మోటారు వేసిన తరువాత తీసినవి నిలువుగా ఉన్నాయి.

"మోటారు ఆగితే చుక్క తూర్పు నుండి పడమరకు జారుతుంది. మోటారు చెడిపోయి ఉంటే గీతలు ఆ వైపుకే ఉండాలి. ఇవి ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. మోటారు దాని పని అది చేసిందయ్యగారూ. దానిని వంకరగా నిలబెట్టారు. ఉత్తరము ఎవరు చూశారు?"

ఉత్తరము చూసినది మేమే. దిక్సూచిని జీపు బానెట్టు మీద పెట్టి, ముల్లు చూపిన వైపే ఉత్తరమని చెప్పాము. ఇనుము పక్కన దిక్సూచి ముల్లు సరిగ్గా నిలబడదని మేము బడిలోనే చదువుకున్నాము. పిల్లలు మా మాట నమ్మి అటు త్రిప్పారు.

ఇక్కడ ఈ యంత్రపు సంగతి కొంచెము చెప్పాలి. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది సరిగ్గా 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషములు. అందుచేత చుక్కలు గంటకు 15 డిగ్రీలు పడమరకు జరుగుతున్నట్టు కనబడతాయి. అంటే రెండు నిమిషములలో నిండు చంద్రుని వెడల్పంత జరుగుతాయి. మౌంటులోని మోటారు టెలిస్కోపును అంతే వేగముతో ఎదురు త్రిప్పుతుంది. కాని అది తిరిగే ఇరుసు భూమి ఇరుసుకు సమానముగా ఉంటేనే లెక్క కుదురుతుంది. ఇరుసు గురి తప్పితే మోటారు ఎంత మంచిదైనా చుక్క మెల్లగా పక్కకు తప్పుకుంటుంది.

గురి ధృవ నక్షత్రము వైపు. అది అసలు ధృవానికి ముప్పావు డిగ్రీ లోపునే ఉంది. మన హైదరాబాదు ప్రాంతములో దాని ఎత్తు సుమారు పదిహేడున్నర డిగ్రీలే, ఢిల్లీలో ఇరవై ఎనిమిదిన్నర. అందుచేత మనకు అది చెట్ల చాటున, మంచు పొగ చాటున దాగుతుంది. మౌంటును అంత క్రిందికి వంచినప్పుడు బరువు కడ్డీ స్టాండు కాలికి తగిలే ప్రమాదము కూడా ఉంది. దిక్సూచిని వాడితే జీపుకు, ఇనుప మంచానికి, సెల్‌ఫోనుకు దూరముగా పది ఇరవై అడుగులు వేసి చూడాలి. తరువాత ధృవ నక్షత్రముతో సరిచూసుకోవాలి. ధృవ నక్షత్రము కనబడకపోతే దక్షిణాన నడినెత్తి గీత దగ్గర ఉన్న ఒక చుక్కను చూస్తూ ఉండాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువగా ఉన్నది, ఉత్తరానికి జారితే పడమరకు ఎక్కువగా ఉన్నది. ఎత్తు సరిగా ఉందో లేదో తెలియాలంటే తూర్పున క్రిందుగా ఉన్న చుక్కను చూడాలి. దక్షిణానికి జారితే ఇరుసు క్రిందికి ఉన్నది, ఉత్తరానికి జారితే పైకి ఉన్నది.

గీత అడ్డముగా, అంటే తూర్పు పడమరలుగా ఉంటే అప్పుడు మోటారు వైపు చూడండి. మొదట కరెంటు. లో ఓల్టేజీలో బోరు మోటారు మూలిగినట్టే, బ్యాటరీ దిగిపోయినా, సన్నటి పొడవు తీగతో కరెంటు ఇచ్చినా ఈ మోటారు కూడా నీరసపడుతుంది. తరువాత బరువు. క్లచ్ వదులు చేసి, టెలిస్కోపును, బరువును త్రాసులా సరిచేయాలి. తూర్పు వైపు కొద్దిగా మొగ్గు ఉంచితే పళ్ళు ఒకదానినొకటి వదలకుండా నడుస్తాయి. తీగలు దేనికైనా తగిలి లాగుతున్నాయేమో చూడాలి.

చుక్క కొంతసేపు ముందుకు, కొంతసేపు వెనుకకు ఊగితే అది మర చేసే పని. పెద్ద చక్రానికి 180 పళ్ళున్న మౌంటులో దానిని త్రిప్పే మర సుమారు ఎనిమిది నిమిషములకు ఒకసారి తిరుగుతుంది. ఆ మర ఏ మాత్రము వంకరగా ఉన్నా అదే వంకర ఎనిమిది నిమిషములకొకసారి ఫొటోలో కనబడుతుంది. గీతలు ఏ వైపుకూ కుదరక గజిబిజిగా ఉంటే గాలినో, మెత్తటి నేలనో అనుమానించండి. చుక్కలు గీతలు కాక పెద్ద మసక బొట్లుగా ఉంటే ఫోకస్ తప్పింది, లేక అద్దము మీద మంచు పట్టింది. నల్ల చార్టు కాగితము గొట్టముగా చుట్టి ముందు తొడిగితే చాలావరకు మంచు ఆగుతుంది. ఒకే ఒక గీత చుక్కచుక్కలుగా ఫొటోను కోసుకుంటూ పోతే యంత్రములో దోషము లేదు. అది మిణుకుమంటూ పోయిన విమానము.

ఈ బాధ కొత్తది కాదు. మన హైదరాబాదులోనే నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో దుర్భిణి పెట్టించాడు. ఆయన తరువాత నిజాము ప్రభుత్వము దానిని తీసుకొని బేగంపేటలో నిజామియా నక్షత్రశాలగా నడిపింది. ఆకాశమంతటినీ పంచుకొని ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో మొదలైన పనిలో వీరికి కూడా ఒక భాగము వచ్చింది. ఎనిమిది అంగుళముల దుర్భిణితో, గాజు పలకల మీద లక్షలాది నక్షత్రములను పట్టారు. 1918 నుండి చాలా ఏళ్ళు టి. పి. భాస్కరన్ ఆ పనిని నడిపించాడు. ఆ కాలపు దుర్భిణులను త్రిప్పేది కరెంటు మోటారు కాదు, బరువు దిగుతుంటే నడిచే గడియారపు యంత్రము. దానిని నమ్మి ఎవరూ నిద్రపోలేదు. పక్కనున్న గొట్టములో ఒక చుక్కను దారపు గుర్తు మీద పెట్టి, ఫొటో తీసినంతసేపూ కన్ను తీయకుండా చూస్తూ, తప్పినప్పుడల్లా సరిదిద్దేవారు. నేడు ఆ పనిని చిన్న గైడు కెమెరా చేస్తుంది.

ఇక మా సంగతి. పెద్దాయన వెళ్ళిన సాయంత్రమే ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాము. వాళ్ళ అమ్మ టీ ఇచ్చింది. తండ్రి ఉండగానే, "తప్పు నీది కాదు నాయనా, మాది" అని చెప్పాము. "సరే అయ్యగారూ" అన్నాడు, అంతే. తిరిగి వస్తుంటే ఒక మాట తోచింది. అందరి ముందు అన్న మాటను ఇంటిలో కూర్చొని వెనుకకు తీసుకుంటే సరిపోదు. ఆదివారము యౌవనస్థుల కూటములో ఆ రెండు ఫొటోలు చూపించి, ఉత్తరము తప్పు చూపినది మేమేనని పిల్లలందరి ముందు చెప్పాము. ఆ రోజు అతడు రాలేదు. సంగతి విన్నాడేమో, తరువాతి ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో అదే కళ్ళమునకు మళ్ళీ వెళ్ళాము. మోటారు మార్చలేదు, చక్రము మార్చలేదు. ఒక్కొక్కటి ఒక నిమిషము చొప్పున ఇరవై ఫొటోలు తీశారు. ఆరింటిలో చుక్కలు కొద్దిగా సాగాయి, తీసివేశారు. పద్నాలుగింటిలో చుక్కలు చుక్కలుగానే పడ్డాయి. వాటిని కంప్యూటరులో ఒకదానిపై ఒకటి చేర్చితే ఆ వెలుగు మేఘము రెక్కలు విప్పినట్టు కనబడింది.

బయలుదేరేటప్పుడు పెట్టె ఎవరు పట్టుకుంటారని మేము అడగలేదు. అతడే ఎత్తుకొని జీపులో ఒడిలో పెట్టుకున్నాడు. దారి పొడవునా ఎవరితోనూ మాట్లాడలేదు.

పాఠకులారా, మీ పల్లెల మీద ఇంకా చీకటి ఆకాశము ఉంది. పిల్లలను రాత్రి ఆరుబయటికి తీసుకువెళ్ళి పిల్లలకోడిని, మృగశీర్షను చూపించండి. దానికి యంత్రము అక్కరలేదు. ఇంటిలో ఏదైనా చెడినప్పుడు మాత్రము, చివరిసారి దానిని ముట్టినది ఎవరని అడగక ముందు, గీత ఏ వైపుకు ఉందో చూడండి.