కరువు నాటి కూలి రేటు

పోయిన నెల జిల్లా కమిటీ సమావేశంలో ఒక తీర్మానం ముసాయిదా వచ్చింది. నాట్లు, కోతలు జరిగే రోజుల్లో ఉపాధి హామీ పనులు పూర్తిగా ఆపెయ్యాలని ప్రభుత్వాన్ని కోరే తీర్మానం అది. చేతులెత్తమంటే సగానికి పైగా లేచాయి. కౌలు రైతుల తరఫున వచ్చినవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో వచ్చే సమావేశానికి వాయిదా వేశాం. కొన్నేళ్ల కిందట ఇలాంటి తీర్మానమే వస్తే నేనూ చెయ్యెత్తినవాణ్నే. ఈసారి ఎత్తలేదు. ‘ఏందన్నా, నువ్వు కూలోళ్ల దిక్కు ఎప్పుడు మళ్లినవ్?’ అని బయట చాయ్ తాగేటప్పుడు ఒక పాత మిత్రుడు అడిగాడు. నవ్వుతూ అడిగినా అందులో కోపం ఉంది. అక్కడ ఆయనకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆయన బాధ సంగతి. అది ఉత్తుత్తి బాధ కాదు. మందు బస్తా ధర మన చేతిలో లేదు, వడ్ల ధర మన చేతిలో లేదు, మిల్లు దగ్గర తీసే తరుగు మన చేతిలో లేదు. మనం బేరమాడగలిగే ఖర్చు ఒక్కటే, కూలి. అందుకే పెట్టుబడి పెరిగినప్పుడల్లా మన కళ్లు కూలి మీద పడతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో కూలి ఖర్చు కూడా ఒకటి. నాట్లకు మనుషులు దొరక్క, బిహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చే ముఠాల కోసం మేస్త్రి ఫోను ఎత్తుతాడా లేదా అని ఎదురుచూసిన రాత్రులు నాకూ ఉన్నాయి.

ఈమధ్య యూనివర్సిటీలో చదువుతున్న మా ఊరి పిల్లవాడు ఒకడు సంఘం ఆఫీసుకు వచ్చి ఒక పరిశోధన గురించి చెప్పాడు. సీమా జయచంద్రన్ అనే ఆర్థికవేత్త చేసింది. ఆమె అమెరికాలో ప్రొఫెసరు. అది 2006లో అచ్చయింది. పదో తరగతితో చదువు ఆపినవాణ్ని, అందులోని లెక్కలు నాకు అందవు. నేను అడిగినకొద్దీ అతను ఓపికగా విప్పి చెప్పాడు. అప్పటి నుంచి అదే నా తలలో తిరుగుతోంది.

మన దేశంలోని 257 జిల్లాల్లో 1956 నుంచి 1987 దాకా వ్యవసాయ కూలి ఎలా మారిందో ఆమె చూసింది. ఏ ఏడు వాన బాగా పడింది, ఏ ఏడు ఎగ్గొట్టింది, ఆ ఏడు కూలి ఎటు పోయింది అన్న లెక్క. వాన లేకపోతే పంట తగ్గుతుంది, పంట తగ్గితే పని తగ్గుతుంది, కూలి పడుతుంది. ఇంతవరకు చెప్పడానికి ప్రొఫెసరు అక్కర్లేదు, మా అమ్మ చెప్పేది. ఆమె అడిగింది దాని తర్వాతి ప్రశ్న. కరువు ఒకే తీరుగా వచ్చినా కొన్ని జిల్లాల్లో కూలి కొంచెమే పడి, మరికొన్నిట్లో దబ్బున ఎందుకు పడుతుంది?

బ్యాంకులు తక్కువున్న జిల్లాల్లో, బయటి ఊళ్లకు పోయి బతకడం కష్టమైన జిల్లాల్లో ఎక్కువ పడుతుందని తేలింది. ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. ఇంట్లో నాలుగు గింజలున్నవాడు, బ్యాంకులో అప్పు పుట్టేవాడు, బస్సెక్కి పట్నం పోగలిగినవాడు తక్కువ కూలికి ‘రాను’ అనగలడు. ఇవేవీ లేనివాడు అనలేడు. పైగా కూలి పడ్డకొద్దీ ఇల్లు గడవడానికి ఇంకా ఎక్కువ రోజులు పనికి పోవాలి. అందరూ అట్లాగే వస్తారు. పని తక్కువ, మనుషులు ఎక్కువ, రేటు ఇంకా కిందికి. టమాటా అంతా ఒకే రోజు మార్కెట్ యార్డుకు వస్తే ఏమవుతుందో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇదీ అంతే. టమాటానైతే కడుపు మండి రోడ్డు మీద పారబోసి రావచ్చు, అంతే తేడా.

అందులోనే ఇంకో ముక్క ఉంది. కరువులో కూలి పడితే కూలివాడికి దెబ్బ. మనుషుల్ని పెట్టి చేయించుకునే భూమిగలాయనకు మాత్రం అది బీమా లాగా పనిచేస్తుంది. పంట తగ్గినా ఖర్చు తగ్గుతుంది కాబట్టి నష్టం కొంత పూడుతుంది. ఆ బీమాకు ప్రీమియం కట్టేది కూలివాడు. ఈ మాట వింటున్నప్పుడు నాకు 2002 గుర్తుకొచ్చింది.

ఆ ఏడు జులై అంతా ఆకాశం చూస్తూనే గడిచింది. నాలుగెకరాల చెలకలో ఆముదం, జొన్న వేశాను. ఆముదం జానెడు లేచి అక్కడే నిలబడిపోయింది. రెండోసారి విత్తనం కొన్నాను, అదీ పోయింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తి. చివరికి పక్క ఊళ్లో బోరు కింద వరి వేసిన ఒక పెద్ద రైతు దగ్గరికి పనికి పోయాను. పాస్‌బుక్కు ఉన్నవాణ్ని, కూలికి పోవడం అదే మొదలు. తువ్వాల తలకు చుట్టి, సగం ముఖం దాచుకునే పోయాను. తీరా చూస్తే పదిమంది చేసే పనికి ముప్పైమందిమి గట్టు మీద నిలబడి ఉన్నాం. అందులో సగంమంది నాలాంటి పట్టాదారులే. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

రేటు తగ్గిస్తానని ఆ రైతు ఒక్క మాట అనలేదు. రేటు పైకి నిరుటిదే. కానీ నిరుడు పెట్టిన పగటి అన్నం ఈసారి లేదు. నిరుడు నాలుగింటికి పని దిగేవాళ్లు, ఇప్పుడు పొద్దుగూకేదాకా. డబ్బులు ఏ రోజువి ఆ రోజు కాదు, వారం తర్వాత. ఆయన చెడ్డవాడని నేను అనను. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్నేమో.

సుప్రీత్ కౌర్ అనే ఇంకో ఆర్థికవేత్త కూడా మన పల్లెల కూలి మీదే పనిచేసి, 2019లో అచ్చయిన వ్యాసంలో వేరే మాట చెప్పింది. చెడ్డ ఏడు వచ్చినా రూపాయల్లో రేటు అంత తేలిగ్గా దిగదు, దానికి బదులు పని దొరికే రోజులు తగ్గుతాయి అని. చదువుకున్నవాళ్లకు ఈ ఇద్దరి మాటా ఒకదానికొకటి అడ్డం వచ్చినట్టు ఉంటుందేమో. ఆ గట్టు మీద నిలబడ్డవాడికి రెండూ నిజమే. పద్దెనిమిది మంది ఉత్త చేతులతో ఇంటికి తిరిగిపోయారు. దొరికిన పన్నెండుమందిమి అన్నం లేకుండా చీకటిపడేదాకా చేశాం.

అప్పటికి ఉపాధి హామీ లేదు. చట్టం 2005లో వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ కూడా ఉంది. ఆ పని 2002లోనే ఉండుంటే ఆ రైతు దగ్గరికి పోయేవాణ్ని కాదని చెప్పను. పోయేవాణ్ని. కానీ పగటి అన్నం అడిగేవాణ్ని.

తీర్మానం రాసిన మిత్రులు రైతును ఒక పక్క, కూలివాణ్ని ఇంకో పక్క నిలబెట్టారు. మన సభ్యత్వ పుస్తకం తీసి చూడండి. రెండెకరాలవాళ్లు, మూడెకరాలవాళ్లు, కౌలుదార్లు. వాన పడితే రైతు, పడకపోతే కూలి. 2018లో రైతుబంధు మొదలైన రోజే కౌలుదారును పక్కన పెట్టారు. పంటల బీమా పథకం నుంచి రాష్ట్రం 2020లో బయటికి వచ్చింది. ఇక ఆ మనిషికి మిగిలిన బీమా తన రెండు చేతులే. కరువు ఏడు ఆ చేతులకు ఎంత పలుకుతుందన్నదే అసలు లెక్క.

మన సంఘంలోనే ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. చిన్న రైతుకు ధైర్యం లేదు, కొత్త పంట వెయ్యడు, కొడుకును పట్నం పంపడు, ఉన్నదాన్నే పట్టుకుని వేలాడతాడు అని. ఈ ధైర్యం సంగతి మన పాలమూరు పల్లెల్లోనే ఒకాయన పరీక్ష పెట్టి చూశాడని చాలామందికి తెలియదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి మెట్ట ప్రాంతపు ఊళ్లు కొన్నిటిని ఏళ్ల తరబడి గమనించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లూ, మహారాష్ట్ర ఊళ్లూ అందులో ఉన్నాయి. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త అక్కడి జనంతో నిజం డబ్బు పెట్టి బొమ్మా బొరుసూ ఆడించాడు. ఒక పందెంలో ఏది పడ్డా 50 రూపాయలు ఖాయం. ఇంకో చివర ఒకటి పడితే సున్నా, రెండోది పడితే 200. ఈ రెండింటి మధ్య రకరకాల పందేలు. మొదట చిల్లర పైసలతో మొదలుపెట్టి మొత్తం పెంచుకుంటూ పోయాడు. 1980లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, పందెం పెద్దదైనకొద్దీ దాదాపు అందరూ జాగ్రత్తపడ్డారు. ఆస్తి ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా పెద్దగా కనిపించలేదు. అంటే పెద్ద రైతు గుండె పెద్దదీ కాదు, చిన్న రైతు గుండె చిన్నదీ కాదు. పెద్ద రైతుకు అప్పు పుడుతుంది, ఓడినా తినడానికి ఉంటుంది. అందుకే బోరు వేస్తాడు.

అదే బిన్స్‌వాంగర్ 1993లో మార్క్ రోజెన్‌జ్వైగ్‌తో కలిసి ఆ ఊళ్ల లెక్కలతోనే ఇంకో అంచనా వేశాడు. వానలు ఎప్పుడొస్తాయో తెలియని ఈ అనిశ్చితి కొంత తగ్గితే, ఆస్తిలో అందరికన్నా అడుగున ఉన్న నాలుగో వంతు రైతుల లాభం 35 శాతం దాకా పెరుగుతుందని. భయంతో తక్కువ వచ్చినా చాలనుకుని సాగు చెయ్యడం వల్ల వాళ్లు ఏటేటా వదులుకుంటున్నది అంత.

మా వాడకట్టులో ఒక తమ్ముడి కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. హైదరాబాదులో అప్రెంటిస్‌గా చేరే అవకాశం వచ్చింది. మొదటి ఏడాది వచ్చే డబ్బులు గది కిరాయికి, తిండికి చాలవు. ఇంటి నుంచే పంపాలి. అదే ఏడాది ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి. తండ్రిది కౌలు పత్తి. అది పోతే ఎట్లా? ‘ఈ ఒక్క ఏడు ఆగరా’ అన్నాడు. అట్లా రెండేళ్లు ఆగాడు, ఇప్పుడు ఎవరిదో ఆటో నడుపుతున్నాడు. ఆ పిల్లవాణ్ని గానీ, వాళ్ల నాన్నను గానీ పిరికివాళ్లంటే నేను ఒప్పుకోను. పత్తి పోయినా ఊళ్లో తనకు పని దొరుకుతుంది, కూలి చేతికొస్తుంది అన్న నమ్మకం ఆ తండ్రికి ఉంటే పిల్లవాడు బస్సెక్కేవాడు.

మరి ఉపాధి హామీ సరిగ్గా నడిస్తే ఏమవుతుంది? దీనికీ మన దగ్గరే జవాబు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి చెల్లింపులకు స్మార్ట్ కార్డులు ఇచ్చినప్పుడు, 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ రెండు రకాల మండలాలను పోల్చి చూశారు. డబ్బులు సరిగ్గా అందిన మండలాల్లో పేద కుటుంబాల రాబడి పెరిగింది. ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. బయట కూలి రేటు పెరిగింది. మనం భయపడినట్టు బయట పని తగ్గలేదు, అది కూడా పెరిగింది.

‘చూసినవా, కూలి పెరిగిందని వాళ్లే అంటున్నరు’ అంటాడు నా మిత్రుడు. అవును, పెరిగింది. దాచను. కానీ నాట్లప్పుడు మనుషులు దొరకనిది దానివల్లనా? ఉపాధి పనులు ఎక్కువగా నడిచేది ఎండాకాలంలో. 2024-25కు ప్రకటించిన ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు, అది కూడా కొలతల్లో పూర్తిగా పడదు. గుత్తకు నాటు దిగిన ఆడవాళ్లకు అంతకన్నా ఎక్కువే గిట్టుతుంది. నాటు వదిలి మట్టి తవ్వడానికి ఎవరు పోతారు? మనుషులు దొరకనిది అందరి నాట్లూ ఒకే పదిరోజుల్లో పడటం వల్ల, నీళ్లొచ్చిన ప్రతి చెలకా వరిమడి కావడం వల్ల, వయసు పిల్లలు ఊళ్లో లేకపోవడం వల్ల.

ఇంకో సంగతి మనవాళ్లు మరిచిపోతున్నారు. మద్దతు ధరకు కేంద్రం తీసుకునే లెక్క ఏ2+ఎఫ్ఎల్. చేతి నుంచి పెట్టిన ఖర్చు, దానికి తోడు ఇంటిల్లిపాది పడే కష్టం విలువ. మనం అడిగే సీ2 లెక్కలోనూ ఆ కష్టం ఉంది. దానికి విలువ కట్టేది కూలి రేటును ఆధారం చేసుకునే. ఒక కాగితం మీద కూలి పెరగకుండా చూడమని రాసి, ఇంకో కాగితం మీద సీ2 మీద 50 శాతం కలిపి ధర ఇవ్వమని రాసి రెండూ ఒకే కవరులో ఢిల్లీకి పంపితే, అక్కడ విప్పినవాడు నవ్వుకుంటాడు.

కాబట్టి వచ్చే సమావేశంలో నేను సవరణ పెడుతున్నాను. ‘పనులు ఆపాలి’ అన్న మాట తీసెయ్యాలి. పని అడిగినవాడికి ఏ కాలంలోనైనా ఇవ్వాలి, చట్టంలో ఉన్నట్టు పదిహేను రోజుల్లో కూలి చేతికందాలి. కరువు ప్రకటించిన చోట ఇవ్వాల్సిన అదనపు రోజులు జనం వలస పోయాక కాదు, పోకముందే మొదలు కావాలి. పంట నష్టం రాసేటప్పుడు దున్నినవాడి పేరు రాయాలి, పట్టా ఎవరి పేర ఉన్నా సరే. నాట్ల ఇబ్బందికి వేరే వాక్యం పెట్టాను. సహకార సంఘాల్లో నాటు యంత్రాలు అద్దెకు ఉంచాలని, నీళ్లు వదిలే తేదీలు ఊరూరికీ కొంచెం వెనకా ముందూ పెట్టాలని. నా మిత్రుడికి ఇది చాలదు, తెలుసు. ఆయన కూడా తన మాట రాసుకుని తెస్తానన్నాడు.

సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పదింటికి, సంఘం ఆఫీసులోనే. కౌలు రైతులు ఒక రోజు పని పోగొట్టుకుని రావాలి కాబట్టి వాళ్ల బస్సు చార్జీలు, పగటి అన్నం సంఘమే చూస్తుంది.