మాట ఇచ్చేముందు లెక్క చూసుకోవాలి

అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రాయికా గేమ్స్ అనే చిన్న కంప్యూటర్ ఆటల సంస్థ ఒకటి ఉండేది. 2004 నవంబరు 16న అది 'వాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్' అనే ఆటను విడుదల చేసింది. ఆడేవాడే ఒక పాత్రగా మారి, తన మాటలతో, నిర్ణయాలతో కథను మలుపు తిప్పే ఆట అది. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. సరిగ్గా అదే రోజున 'హాఫ్ లైఫ్ 2' అనే ఎంతో పేరుమోసిన ఆట కూడా విడుదలైంది. పైగా బ్లడ్‌లైన్స్ నిండా సాంకేతిక లోపాలే! కొనేవారు తక్కువయ్యారు. 2005 ఫిబ్రవరిలో ట్రాయికా మూతపడింది. ఆ ఆట కథ అంతటితో ముగిసిపోవాలి. కాని ముగియలేదు.

రక్తపిశాచాల కథతో, పెద్దలకు మాత్రమే అనే ముద్రతో వచ్చిన ఆట గురించి విశ్వాస శీర్షికలో ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఈ ఆట ఆడమని మేము ఎవరికీ చెప్పడం లేదు. పిల్లల చేతికి అసలే ఇవ్వవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాం. అయితే దాని రెండో భాగం కోసం ఎదురుచూసినవారికి ఏం జరిగిందన్నదే ఇక్కడ మనకు ముఖ్యం. అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని కథలోంచి కూడా యేసుప్రభువు తన శిష్యులకు పాఠం తీసి చూపించాడు కదా!

తయారుచేసినవారే లేకుండా పోయిన ఆ ఆటను అభిమానులు వదల్లేదు. జర్మనీకి చెందిన ఒక రసాయన శాస్త్రవేత్త, ఆ సంస్థతో ఏ సంబంధమూ లేనివాడు, అందులోని లోపాలను ఒక్కొక్కటిగా సరిచేయడం మొదలుపెట్టాడు. జీతం లేదు, అడిగేవారూ లేరు. అయినా దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ పని చేస్తూనే వచ్చాడు. అలా సరిదిద్దిన ఆటనే కొత్తతరం వాళ్లు ఆడారు, ఇష్టపడ్డారు. రెండో భాగం రావాలన్న ఆశ వారిలో బలపడింది.

2019 మార్చిలో ఆ ఆశకు ప్రాణం వచ్చింది. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ ఇంటరాక్టివ్ సంస్థ 'బ్లడ్‌లైన్స్ 2' వస్తోందని ప్రకటించింది. సియాటిల్‌లోని హార్డ్‌సూట్ ల్యాబ్స్ దాన్ని తయారుచేస్తుందనీ, 2020 మార్చికల్లా విడుదలవుతుందనీ చెప్పింది. ప్రకటనతోపాటే ముందస్తు కొనుగోళ్లూ మొదలయ్యాయి. అంటే ఆట సిద్ధం కాకముందే డబ్బు తీసుకోవడం మొదలైంది.

ఆ తర్వాత జరిగినదంతా వాయిదాల చరిత్రే. 2019 అక్టోబరులో ఒక వాయిదా. 2020 ఆగస్టులో మరొకటి. మొదటి ఆటకు మాటలు రాసిన బ్రయన్ మిట్సోడా మీదే అభిమానులు ఆశలు పెట్టుకుంటే, అదే ఏడాది ఆయనను పనిలోంచి తొలగించారు. 2021 ఫిబ్రవరిలో హార్డ్‌సూట్ ల్యాబ్స్‌నే తప్పించారు. కొత్తగా ఎవరు చేస్తున్నారో పేరు చెప్పడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది. ఆ పేరు ఇంగ్లండులోని బ్రైటన్‌కు చెందిన ది చైనీస్ రూమ్. విడుదల 2024లో అన్నారు, తర్వాత 2025 తొలి సగంలో అన్నారు, చివరికి 2025 అక్టోబరు 21న ఆట బయటికి వచ్చింది. మొదట చెప్పిన గడువు దాటి అయిదున్నరేళ్లు!

ఈ ఏళ్లన్నిటిలో అభిమానులను వేధించిన ప్రశ్నలు చిన్నవి కావు. అసలు ఆట వస్తుందా? వచ్చినా పేరొక్కటే పాతదై, లోపల వేరే ఆట ఉంటుందా? ది చైనీస్ రూమ్‌కు పేరు తెచ్చినవి నెమ్మదిగా నడుస్తూ కథ వినే తరహా ఆటలు. వాటిలో ఒకటి 2015లో వచ్చిన 'ఎవ్రీబడీస్ గాన్ టు ది రాప్చర్'. అలాంటివారికి రోల్ ప్లేయింగ్ ఆట చేతనవుతుందా? మొదటి ఆటలో ఎవరికి తోచిన పాత్రను వారు తయారుచేసుకున్నారు. రెండోదానిలో నాయకపాత్రను ముందే తయారుచేసి ఇస్తే ఆ స్వేచ్ఛ ఏమవుతుంది?

ఒక ఆట కోసం ఇంత ఆరాటమా అని నవ్వడం తేలికే. కాని ప్రేమ లేనిచోట ఆందోళన ఉండదు. ఇష్టం లేనివాడు ఎప్పుడో మరచిపోయి ఇంకో ఆట కొనుక్కుంటాడు. ఫిర్యాదు చేస్తున్నవాడు ఇంకా ఆశ వదులుకోనివాడు. హబక్కూకు ప్రవక్త ఎంతకాలం మొరపెట్టాలని దేవుణ్నే నిలదీశాడు, ఆ తర్వాత కావలి గోపురం మీద నిలబడి జవాబు కోసం కనిపెట్టాడు. ఆయన ప్రశ్నను దేవుడు అవిశ్వాసంగా లెక్కించలేదు, జవాబిచ్చాడు. ప్రశ్నించేవారిని విసుక్కునే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

అభిమానుల భయాలు నిజమయ్యాయా? కొంత అయ్యాయి, కొంత కాలేదు. ఆట వచ్చింది. సియాటిల్ నగరపు రాత్రి వాతావరణం, పోరాటాలు, కథ కొందరికి నచ్చాయి. కాని పాత్రను తమకు తోచినట్లు మలచుకునే స్వేచ్ఛ తగ్గిందని చాలామంది బాధపడ్డారు. ది చైనీస్ రూమ్ స్థాపకుల్లో ఒకరైన డాన్ పించ్‌బెక్ తర్వాత ఒక మాట బయటపెట్టాడు. దీనికి 'బ్లడ్‌లైన్స్ 2' అనే పేరు పెట్టకుండా ప్రచురణ సంస్థను ఎలా ఒప్పించాలా అని తాము ఆలోచించేవాళ్లమని! ఉన్న సమయంతో, డబ్బుతో ఆ పేరుకు తగిన ఆటను తయారుచేయలేమని చేసేవారికి ముందే తెలుసన్నమాట. పేరు పెద్దది, చేతిలో ఉన్నది చిన్నది.

పారడాక్స్ చేసిన మంచి కూడా చెప్పుకోవాలి. 2021లో తయారీదారును మార్చినప్పుడు ముందస్తు డబ్బు తీసుకోవడం ఆపేసింది. 2025లో రెండు వంశాల పాత్రలను ఎక్కువ ధర పెట్టినవారికే ఇస్తామన్నప్పుడు అభిమానులు అడ్డం తిరిగితే, సెప్టెంబరులో దిగివచ్చి వాటిని అందరికీ ఇచ్చింది. విని దిద్దుకోవడం తెలిసినా, లోపం మొదటి రోజునే జరిగిపోయింది. లెక్క పూర్తికాకముందే తేదీ చెప్పారు, డబ్బు తీసుకున్నారు.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోడా అని యేసుప్రభువు అడిగాడు (లూకా 14:28–30). పునాది వేసి ఆపేస్తే చూసేవారు నవ్వుతారన్నాడు. అది తనను వెంబడించేవారి గురించి చెప్పిన మాటే అయినా, మాట ఇచ్చే ప్రతివారికీ వర్తిస్తుంది. ఆలస్యం పాపం కాదు. మంచి పనికి సమయం పడుతుంది. చేయగలమో లేదో తెలియకుండానే తేదీ ప్రకటించడం, తేదీ దాటాక మౌనం వహించడమే నమ్మకాన్ని చంపుతాయి.

ఈ లెక్కన మన సంఘాలను చూసుకుందామా? వచ్చే క్రిస్మస్‌కు మందిరం పూర్తి అని ప్రకటించి కానుకలు వసూలుచేసి, ఏళ్లు గడిచినా పైకప్పు వేయని సంఘాలు లేవా? లెక్క అడిగిన విశ్వాసిని సణిగేవాడిగా ముద్రవేసే పెద్దలు లేరా? కూలిడబ్బులోంచి తీసి ఇచ్చిన విధవరాలికి, పని ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఆదివారం ఆరాధనలో రెండు నిమిషాలు చెబితే ఏం పోతుంది? వ్యాపార సంస్థ అభిమానులకు ఇవ్వవలసిన జవాబుకంటే సంఘం విశ్వాసికి ఇవ్వవలసిన జవాబు తక్కువదా?

తేదీల మోజు సంఘానికి కొత్తది కాదు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ నమ్మినవారు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని రాత్రంతా కనిపెట్టి, తెల్లవారాక ఏడ్చారు. ఆ దినం తండ్రికే తెలుసని చెప్పిన ప్రభువు మనకు తేదీ ఇవ్వలేదు, పని ఇచ్చాడు. యజమాని ఎప్పుడొచ్చినా అప్పగించిన పనిలో కనబడే దాసుడే ధన్యుడని నేర్పాడు.

ఎదురుచూపు అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని ఆ జర్మనీ అభిమాని చూపించాడు. రాబోయేదాని కోసం గోల చేయకుండా, చేతిలో ఉన్న పాతదాన్ని బాగుచేసి పదిమందికి పనికొచ్చేలా చేశాడు. మన చేతిలోనూ బాగుచేయవలసినవి చాలా ఉన్నాయి. మాట ఇచ్చేవారు ముందు లెక్క చూసుకోవాలి, ఆలస్యమైతే దాచకుండా చెప్పాలి. ఎదురుచూసేవారు నిర్భయంగా అడగాలి, అడుగుతూనే చేతిలో పని చేసుకుపోవాలి. ఈ ఆదివారం మన సంఘంలో ఇంకా నెరవేరని మాట ఏదైనా ఉంటే దాని లెక్క అందరి ముందు పెడదాం.